ఉదయగిరిలో గురువారం పుస్తకం

ఉదయగిరి వెళ్ళొచ్చానని ఎప్పుడు చెప్పినా మావైపు వాళ్ళందరూ ఒకటే అడుగుతారు: కొండ ఎక్కారా, కోట చూశారా అని. ఎక్కలేదు. కోటను కింద నుంచే చూశాను, అదీ బస్సు కిటికీలోంచి, ముందువాడి తలపాగా పక్కకు తప్పుకున్నప్పుడల్లా. నేను చూసివచ్చినవి ఒక బీరువా, కొన్ని అరుగులు. ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాను. కోట సంగతి కావలసినవారు మోకాళ్ళలో బలమున్న వేరే యాత్రికుణ్ణి చూసుకోవాలి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మాట ఇది. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఉదయగిరిలో విద్వాన్ పరీక్షకు తర్ఫీదునిచ్చే ఒక చిన్న ప్రాచ్య కళాశాల ఉండేది. దానికి విశ్వవిద్యాలయం ఇచ్చిన గుర్తింపు ఆ ఏడాది పరీక్షలకు ముందే తీరిపోతుంది. అక్కడ చదువు నాణ్యంగా సాగుతున్నదా లేదా, గుర్తింపు పొడిగించవచ్చునా కూడదా, చూసి రాసిమ్మని ఇద్దరిని పంపారు. అందులో ఒకణ్ణి నేను. రెండోవారు సోమయాజులు గారు, భౌతికశాస్త్రం చెప్పి చెప్పి రిటైరు కావస్తున్న పెద్దమనిషి. ఆయన కోటు జేబులో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉంటుంది.

"కొలతకు అందని దాని గురించి మనం మాట్లాడకూడదండీ" అన్నారాయన నెల్లూరు బస్టాండులోనే.

"మరి అత్తగారి అభిమానం మాటేమిటండీ?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఈ ప్రయాణం ఎలా ఉండబోతోందో నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆత్మకూరు: పిల్లోడు

మా ఊరు కృష్ణ కాలువల కింద ఉంటుంది. మాకు పచ్చదనం అంటే ఎక్కడో మొదలై ఎక్కడో ఆగేది కాదు. నెల్లూరు దాటి పడమటికి పోతుంటే మాత్రం అది ఆగిపోవడం కళ్ళారా చూడవచ్చు. వరి పలచబడుతుంది, ఆ తర్వాత సజ్జ, ఆ తర్వాత తుమ్మచెట్లు, వాటి నీడన గొర్రెలు. ఆత్మకూరులో దిగేసరికి నా తెల్ల ధోవతి ఎర్రమట్టి రంగుకు వచ్చింది.

మాకు బస ఏర్పాటు చేసినది ఆ ఊళ్ళో మిరపకాయలు, వేరుశనగ టోకున అమ్మే ఒక శెట్టిగారు. ఆయన కళాశాల కమిటీలో సభ్యుడు. ఆయన దుకాణం ముందు ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముప్పయ్యేళ్ళు పైబడినవాడు, తలపాగా, దిట్టమైన మీసం. మమ్మల్ని తీసుకుపోవడానికి కాలేజీవారు పంపిన బంట్రోతు కాబోలనుకుని నా పరుపుచుట్ట అతని భుజానికెత్తి, "అందులో ఆవకాయ జాడీ ఉంది, తలకిందులు చేయకు" అని గట్టిగా చెప్పాను.

శెట్టిగారు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో సామీ, ఆయన మన కాలేజీ పిల్లోడు!"

పిల్లోడు మీసం చాటున నవ్వుకున్నాడు. "పరవాలేదు సార్. గొర్రెపిల్లని మోసే బుజమే గదా, జాడీ పెద్ద బరువా" అన్నాడు.

పేరు పెంచలయ్య. సీతారామపురం పక్కన ఒక పల్లె. మందలున్న ఇల్లు. అతను కొన్నాళ్ళు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాడు. విద్వాన్ అయితే హైస్కూల్లో తెలుగు పండితుడి ఉద్యోగం వస్తుందని ఆ పని మానుకుని, భార్యాబిడ్డల్ని పల్లెలో వదిలి వచ్చాడు. ఈ ఏడే చివరి పరీక్ష. నేను చెయ్యి కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ తిన్నగా అడిగేశాడు.

"సార్, మీరు కాదని రాస్తే మమ్మల్ని పరీక్షకి కూర్చోనీరంట. నిజమేనా?"

నిజమేనన్నాను. అతను తల ఊపి చెంబు కింద పెట్టాడు. నాకు అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ ప్రశ్న చెవిలోనే ఉంది.

మావైపు కూరలు నాలుగైనా లేనిదే విస్తరి నిండినట్లుండదు. ఇక్కడ పప్పు, పులుసు, ఎండుమిరపకాయల కారం, పైన ధారగా నెయ్యి, అంతే. పులుసు అమృతం. కారాన్ని మాత్రం నేను తక్కువ అంచనా వేశాను. గుంటూరు దగ్గరి వాణ్ణి, నన్నేం చేస్తుందిలే అని పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఎక్కిళ్ళు ఆగడానికి రెండు చెంబుల మజ్జిగ పట్టింది. "నిదానం సామీ, అది మా కొట్లో సరుకే" అన్నాడు శెట్టిగారు గర్వంగా. సోమయాజులు గారు కారం వంక కూడా చూడకుండా పెరుగన్నం తిని లేచారు.

మెట్ట దారి

మర్నాడు ఉదయగిరి బస్సు. ఇంజను వేడెక్కినప్పుడల్లా ఆగుతుంది. క్లీనరు డబ్బా తీసుకుని నీళ్ళు వెతుక్కుంటూ పోతాడు. మేము దిగి తుమ్మచెట్టు కింద నిలబడతాం. ఒకచోట ఒకామె గంప దించి అణాకు మూడు సీతాఫలాలు ఇచ్చింది. మా ఊళ్ళో ఒక పండుకు అంత అడుగుతారు, అదీ ఇంత తియ్యగా ఉండదు. ఇంకోచోట ఒక ఆసామి మేకతో సహా బస్సెక్కాడు. మేక సోమయాజులు గారి కాగితాల సంచీ మూతను కొంచెం రుచి చూసింది. ఆయన సంచీని ఒళ్ళో పెట్టుకుని, దారంతా ఆ మేకను తనిఖీ చేస్తున్నట్లే చూశారు.

కాలక్షేపానికి నేను పెంచలయ్య చదువు పరీక్షించాను. పాఠ్యగ్రంథంలోని పద్యం ఒకటి ఎత్తుకోగానే మిగతాది అందుకుని, అర్థం చెప్పి, ఆ కథలో రాణి ఆ మాట ఎందుకన్నదో కూడా వివరించాడు. నా బి.ఏ. విద్యార్థులు అర్థం దగ్గరే ఆగిపోతారు. ఉత్సాహం పుట్టి తర్వాతి పద్యం అడిగాను.

"అది ఇంకా రాలేదు సార్. రేపు వస్తాది, గురువారం గదా."

సరే, గురువారాలు కావ్యపాఠం కాబోలనుకున్నాను. వ్యాకరణంలో ఒక సంధి అడిగితే మాత్రం తలపాగా సర్దుకుని కిటికీలోంచి కొండ వంక చూశాడు. కోటను నేను ఆ మాత్రమైనా చూసింది అప్పుడే, అతని చూపు వెంట.

బీరువా

సాయంత్రానికి ఊరు చేరి, మర్నాడు గురువారం పొద్దున కళాశాలకు వెళ్ళాం. కళాశాల అంటే ఒక పొడుగాటి పెంకుటిల్లు. గోడలకు అప్పుడే సున్నం కొట్టారు. ఆనుకున్నందుకు నా కోటు వెనక సగం తెల్లబడింది. ప్రిన్సిపాలు వేంకటాచార్యులు గారు సన్నగా, శాలువా కప్పుకుని, అవసరం లేని చోట కూడా నవ్వుతూ మమ్మల్ని లోపలికి తీసుకువెళ్ళారు. సోమయాజులు గారు టేపు తీశారు. పాఠాల గది సరిపోయింది. పఠన మందిరం అని చూపించిన గది నిబంధనల్లో అడిగిన దాంట్లో సగం కూడా లేదు. ఆయన రాసుకున్నారు. ఆచార్యుల నవ్వు కొంచెం తగ్గింది.

"గ్రంథాలయం చూడండి" అని ఆయన ఒక బీరువా తెరిచారు. నిండుగా ఉంది. అట్టలన్నీ వరుసగా, సైనికుల్లా నిలబడి ఉన్నాయి. నేను ఒక పుస్తకం తీశాను. ఇంగువ వాసన. ఇంకొకటి తీశాను. పొయ్యి పొగ వాసన. మూడోదాని అంచున పసుపు బొటనవేలి ముద్ర ఉంది. లోపల కళాశాల ముద్ర మాత్రం అన్నిటికీ ఉంది.

సోమయాజులు గారు అక్కడ నిలబడ్డ కుర్రవాణ్ణి పిలిచి, "అలంకారశాస్త్రం పుస్తకం తీసి ఇవ్వు" అన్నారు. వాడు బీరువా పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాడు. రెండోవాడు వచ్చి సాయం చూశాడు. మూడోవాడూ వచ్చాడు. కొత్త ఊరి సంతలో తప్పిపోయినవాళ్ళలా ముగ్గురూ ఆ అట్టల వంక చూస్తున్నారు.

"మీ లైబ్రరీలో పుస్తకం ఎక్కడుంటుందో మీకే తెలియదా?" అన్నారు సోమయాజులు గారు.

"తెలుసు సార్" అన్నాడు మొదటివాడు. "ఎప్పుడూ చింతపండు బస్తా పక్కన ఉంటాది."

ఆచార్యులు కళ్ళు మూసుకున్నారు. అదే సమయానికి వీధిలో ఎవరో కేకలేస్తూ రావడం వినిపించింది.

అవ్వ

లోపలికి వచ్చింది డెబ్భయ్యేళ్ళ ముసలామె. చెవులకు కమ్మలు, చేతిలో మజ్జిగ కవ్వం. పని మధ్యలో లేచి వచ్చిందన్నమాట.

"ఏందయ్యా అయివోరా, నేను మందకాడికి పొయ్యుంటే మా యింట్లో పుస్తకం ఎత్తకొచ్చేసినారంట? కోడలు ఇచ్చేసినాదంట, దానికి బుద్ధి లేదు. అన్నం పొయ్యి మీద ఉండాది. పెంచలయ్య తినేదానికి వస్తాడు. రాజు అడివిలో పడి ఉండాడు. వారం నించి ఆయన్ని అట్నే వదిలేసి ఉండాం. ఈ పొద్దు గూడా వదిలేయమంటావా?"

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు సోమయాజులు గారు.

"నేనా? గురువారం యింటిదాన్ని" అంది అవ్వ, అంతకంటే చెప్పేదేముంది అన్నట్లు.

అప్పుడు ఆచార్యులు అంతా చెప్పేశారు. ఊళ్ళో పేద విద్యార్థులు వారాలు చేసుకుంటారు, అంటే సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో భోజనం. అది మా ఊళ్ళోనూ ఉన్నదే. కళాశాల పెట్టిన కొత్తలో ఇల్లు కురిసి, చెదలు పట్టి, పుస్తకాలు పాడైపోతుంటే ఆ వారాల ఇళ్ళవాళ్ళే తలా ఒకటి, రెండు తీసుకుపోయి అటక మీద, సరుకుల మధ్య భద్రంగా పెట్టారు. ఏ ఇంటికి భోజనానికి పోతే ఆ ఇంటి పుస్తకం అక్కడ చదువుకోవాలి. తిన్నాక ఇంటిల్లిపాదికీ కొంత చదివి అర్థం చెప్పాలి. ఈ రెండో షరతు పెట్టింది అవ్వే. ఊరికే పెట్టే ఇల్లు కాదట వాళ్ళది. మిగతా ఇళ్ళు ఆమెను చూసి నేర్చుకున్నాయి.

"పుస్తకాలు మావే. చోటు మాత్రం అబద్ధమండీ" అన్నారు ఆచార్యులు. "మీరు వస్తున్నారని తెలిసి ఊరంతా తిరిగి మోయించినాను. కాలేజీ అంటే బీరువా ఉండాలి గదా అనుకున్నాను."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిందని సామెత. ఈయన ఊరంతా సుఖంగా ఉన్న బిడ్డల్ని తెచ్చి చంకలో ఇరికించుకున్నాడు. నాకు ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఉన్న మంచిని దాచి లేని గొప్పను చూపించాలని ఎవరు నేర్పారు ఈయనకి? మేమే నేర్పామని ఆ వెంటనే తోచింది. మా కాగితాల్లో బీరువా ఉందా అని అడుగుతాం గాని, పుస్తకం ఎవరైనా తెరిచారా అని అడగం. మా కాలేజీ గ్రంథాలయంలో పుస్తకాలు ఎంత భద్రంగా ఉంటాయంటే, చెదపురుగుకే కాదు, మనిషికి కూడా దొరకవు.

సోమయాజులు గారు కలానికి మూత పెట్టారు. "గ్రంథాలయం, పఠన మందిరం కళాశాల అధీనంలో ఉండాలి. ఆ నిబంధన నేను పెట్టింది కాదు. నేనేమీ చేయలేను" అన్నారు. గుమ్మం దగ్గర పెంచలయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

అవ్వకు ఈ మాటలు సగం అర్థమయ్యాయి, సగం అక్కరలేదు. "బస్సు రేపు పొద్దున గాని లేదు. ఈడ కూసోని ఏం జేస్తారు? రాండి, తిని పోదురు" అని, బీరువాలోంచి తన పుస్తకాన్ని తానే వెతికి పట్టుకుంది. అట్ట మీద నెయ్యి మరక గుర్తట.

అరుగు మీద

సజ్జసంగటి, గోంగూర, గడ్డపెరుగు. సంగటిని మింగాలే గాని నమలకూడదట. నేను నమిలాను, కోడలు పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. మాకు లోపల వడ్డించారు. పెంచలయ్యకు ఆ ఇంట్లో చనువు, పొయ్యి దగ్గరే కూర్చున్నాడు. కొన్ని ఇళ్ళలో అతనికి అరుగు మీదే విస్తరి వేస్తారని తర్వాత తెలిసింది. అలాంటి చోట పుస్తకం కూడా అరుగు మీదికే వస్తుందని అతనే చెప్పాడు. బాధగా చెప్పలేదు, నాకు మాత్రం బాధ కలిగింది.

భోజనాలయ్యాక అందరూ అరుగు మీద చేరారు. అవ్వ కొడుకు ఊలు వడుకుతున్నాడు. పక్కింటివాళ్ళూ వచ్చారు. పెంచలయ్య బస్సులో రాలేదన్న పద్యం అందుకున్నాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు, నిద్రపోతున్న రాణిని అడవిలో వదిలి వెళ్ళిపోవాలా వద్దా అని తల్లడిల్లుతున్నాడు. పెంచలయ్య మాట మాటకీ అర్థం చెబుతుంటే కోడలు అడ్డుపడింది.

"దాన్ని లేపి చెప్పి పోవచ్చు గదా. నిద్దర్లో వదిలిపెట్టేది మగతనమా?"

"లేపితే పోనీదు గదే" అంది అవ్వ.

"పోనీకపోతే ఉండాల" అంది కోడలు.

ఈ సందేహానికి కవి ఏ మాటతో సమాధానం చెప్పాడో చూపించాలని పెంచలయ్య వెనక్కి రెండు పద్యాలు వెళ్ళాడు, మళ్ళీ ముందుకు వచ్చాడు. చెమటలు పట్టాయి. నేను పెట్టిన ఏ పరీక్షలోనూ నా విద్యార్థి ఇంత కష్టపడలేదు. ఆ పద్యం తెలియకుండా బయటపడే దారి అక్కడ లేదు. అడుగుతున్నది మార్కులు వేసేవాడు కాదు, అన్నం పెట్టిన మనిషి.

రాజు రెండడుగులు వేసి ఆగిన చోట పెంచలయ్య పుస్తకం మూశాడు. అందరూ లేచారు.

"తర్వాత ఏమైంది?" అన్నారు సోమయాజులు గారు.

"వచ్చే గురువారం సార్."

"మేము రేపే వెళ్ళిపోతున్నాం కదయ్యా!"

"రోజు దాటి సదివితే మా అవ్వ ఒప్పదు సార్. మళ్ళా వారానికి ఏమీ మిగలదంటాది."

ఆయన నా వంక చూశారు. నాకు ఆ కథ కంఠస్థం. కానీ నోరు విప్పలేదు. ఆయన తాను కూర్చున్న అరుగును అరచేత్తో ఒకసారి నిమిరి, జేబులోంచి టేపు తీశారు.

"ఈ కొస పట్టుకోండి" అన్నారు నాతో.

ఊరి కొలత

ఆ సాయంత్రమంతా నేను టేపు కొస పట్టుకుని ఉదయగిరి వీధుల్లో తిరిగాను. అవ్వ అరుగు, కోమట్ల కొట్టు పంచ, చింతపండు బస్తాల గది, చెక్క గరిటెలు చేసే సాయిబుగారి వసారా. సాయిబుగారింట్లో వారం భోజనం లేదు గాని నిఘంటువు ఉంటుంది. ఎప్పుడు పోయినా రంపపుపొట్టు దులిపి ఇస్తాడు. సోమయాజులు గారు ప్రతి ఇంట్లోనూ ఆ చోటు చదువు కోసం కళాశాల అధీనంలో ఉండడానికి సమ్మతమేనా అని అడిగి, ఇంటి యజమాని చేత అవుననిపించుకుని, అప్పుడే కొలిచారు. సాయిబుగారు "ఇల్లు కొంటారా ఏంది సార్?" అని అడిగాడు.

నేనూ ఊరికే లేను. పెంచలయ్య సంధి దగ్గర ఎందుకు తడబడ్డాడో నాకు అప్పటికి అర్థమైంది. వ్యాకరణం పుస్తకాలకు ఏ ఇల్లూ దొరకలేదు. భోజనాలయ్యాక వినడానికి వాటిలో కథా లేదు, ఒక్క పద్యమూ లేదు. అవి ఆచార్యుల మంచం కింద పెట్టెలో ఉండిపోయాయి. ఆ లోపం దిద్దకపోతే పిల్లలు పరీక్షలో నిలవరు. ఇది మంచిగా రాసి కప్పిపుచ్చే విషయం కాదు. తిరిగి అవ్వ దగ్గరికే వెళ్ళాను.

"కథ లేనిది ఎవురింటారు సామీ?"

"అన్నంలో ఉప్పులాంటిదవ్వా. అది లేకపోతే మీ పెంచలయ్య పరీక్షలో తప్పుతాడు."

అవ్వ ఆలోచించి బేరం పెట్టింది. "సరే. ముందు ఒక పేజీ అది. ఆ తర్వాత నాలుగు పేజీలు మా రాజు."

ఏ పుస్తకం ఏ ఇంట్లో ఉందో కళాశాల గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలన్నది సోమయాజులు గారి సూచన. ఆచార్యులు వెంటనే బొగ్గుముక్క తెచ్చారు. కొత్త సున్నం గోడ అలా పనికొచ్చింది.

కలిగిరి మీదుగా

శుక్రవారం పొద్దున బస్సు కదులుతుంటే పిల్లలు పుస్తకాలు మోసుకుంటూ తలా ఒక వీధిలోకి పోతున్నారు. ఆచార్యులు ఖాళీ బీరువా పక్కన నిలబడి, ఈసారి నిజంగానే నవ్వుతూ చెయ్యి ఊపారు.

తిరుగుదారి కలిగిరి మీదుగా. అక్కడ బస్సు మారడానికి ఆగినప్పుడు సోమయాజులు గారు కాఫీ హోటలు బల్ల మీద నివేదిక రాశారు. నేను పక్కనుంచి చదివాను. పఠన మందిరాలు: ఇరవై మూడు. వైశాల్యం: నిబంధనలు కోరిన దానికి రెండింతలకు పైగా, స్వయంగా కొలవడమైనది. లోపం: వ్యాకరణ బోధన, దిద్దుబాటు మొదలైనది. సిఫారసు: గుర్తింపు కొనసాగించవచ్చును. ఒక్క అబద్ధం లేదు. కొలతకు అందని మాటా లేదు.

"నవ్వుతారేమోనండీ" అన్నాను.

"టేపు పట్టుకుని రమ్మనండి" అన్నారాయన.

కాఫీ చల్లారిపోయింది. ఆయన కాగితాలు మడిచి, చిన్నపిల్లవాడిలా అడిగారు. "ఆ రాజు తిరిగి వస్తాడా?"

"గురువారం అడగండి" అన్నాను.

తర్వాత గుర్తింపు వచ్చింది. ఒక్క ఏడాదికే, మళ్ళీ తనిఖీ చేసిన మీదట మిగతాది చూస్తామన్నారు. పెంచలయ్య పరీక్ష రాసి గట్టెక్కాడు. హైస్కూలు ఉద్యోగం వచ్చిందని కార్డు రాశాడు. వ్యాకరణంలో మార్కులు అంతంత మాత్రమే అనీ, అది అవ్వకు చెప్పవద్దనీ చివర రాశాడు.

రెండో తనిఖీకి ఎవరు వెళతారని విశ్వవిద్యాలయం అడిగినప్పుడు మా వాళ్ళెవరూ ముందుకు రాలేదు. ఎర్రమట్టి, ఆగే బస్సు, కారం. అప్పటికి సోమయాజులు గారు రిటైరయ్యారు. ఆయన దగ్గరి నుంచి ఉత్తరం వచ్చిందట, ఉదయగిరికి తనను పంపవలసిందని. ఖర్చులు ఇవ్వకపోయినా పరవాలేదట. ఒక్కటే షరతు: తనిఖీ గురువారం నాడే పెట్టాలి.